సూరతు నగరపు పంతులు – దుర్గారాం మెహతాజీ

గుజరాతీ భాషలో 'మెహతాజీ' అనే మాటకు తెలుగునాట 'పంతులు' అనే మాటకున్నంత విస్తృతి ఉన్నది. బడిలో అక్షరాలు దిద్దించేవాడు మెహతాజీ; కొట్టులో పద్దులు వ్రాసేవాడూ మెహతాజీయే. పేరు చివర ఈ మాట స్థిరంగా నిలిచినప్పుడు అది వృత్తిని చెప్పడంతో ఆగదు, లోకం ఆ మనిషికిచ్చిన పీఠాన్ని కూడా చెబుతుంది. కందుకూరి వీరేశలింగంగారిని ఆంధ్రులు పంతులుగారని తలచుకున్నట్లే, దుర్గారాం మంఛారాం దవే అనే నాగర బ్రాహ్మణుణ్ణి సూరతు నగరం దుర్గారాం మెహతాజీ అని పిలిచింది. ఇంటిపేరు మరుగునపడి బడిపేరే మిగిలింది. ఆయన జన్మించినది 1809లో, అంటే వీరేశలింగంగారికన్న ముప్పదితొమ్మిదేండ్ల ముందు. ఆయన మహాకావ్యం వ్రాయలేదు. స్థాపించిన సభ పదేండ్లయినా నిలువలేదు. తాను బోధించిన ధర్మాల్లో అన్నిటికన్న కష్టమైనదాన్ని ఆచరణలో పెట్టవలసిన ఘడియ వచ్చినప్పుడు తప్పుకొన్నాడు కూడ. అయినా గుజరాతు నవయుగాన్ని గురించి వ్రాయబూనినవారెవరూ ఆయన పేరెత్తకుండా మొదలుపెట్టలేరు. అట్లా ఎందువల్ల జరిగినదో విచారించడం తెలుగు రచయితలకు అనవసరం కాదు. మన సంస్కరణ యుగానికీ అటువంటి లెక్కలు కొన్ని తేలవలసి ఉన్నవి.

బొంబాయి వైపు నుండి రైలులో సూరతు చేరబోయే ప్రయాణికునికి నగరానికి కొంచెం ముందు సచిన్ స్టేషను తగులుతుంది. నేడది మరమగ్గాల చప్పుడుతో, రంగుల అద్దకపు కార్ఖానాలతో నిండిన పారిశ్రామిక ప్రాంతం. దుర్గారాముని కాలానికి అది వేరొక ప్రభువు ఏలుబడిలోని భూమి. జంజీరా సింహాసనంపై తనకున్న హక్కును వదలుకొన్నందుకు ప్రతిఫలంగా సిద్దీ వంశీయుడైన అబ్దుల్ కరీం యాకూత్ ఖానుకు 1791లో ఆ గ్రామాలు దక్కినవి. ఆఫ్రికా మూలపురుషులు గల ఆ నవాబుల చిన్న సంస్థానం 1948 వరకు సాగింది. ఆ మరమగ్గాలే తరువాతి కాలంలో తెలంగాణం నుండి వేలాది పద్మశాలి కుటుంబాలను సూరతుకు రప్పించినవి. వారి పిల్లల కోసం సూరతు నగరపాలక సంస్థ విద్యాసమితి తెలుగు మాధ్యమపు ప్రాథమిక పాఠశాలలను సైతం నడిపింది. గుజరాతు గడ్డపై తెలుగు పిల్లవాడు పలకపై 'అ' దిద్దగలగడం చిన్న విషయం కాదు. పిల్లవాడు తన భాషలోనే, అచ్చు పుస్తకం చేతబట్టి, ప్రభుత్వం జీతమిచ్చే పంతులు వద్ద చదువుకోవాలన్న ఏర్పాటు ఆ నగరంలో మొదలైన తరానికి చెందినవాడు దుర్గారాముడు. ఆయనకూ ఆ తెలుగు పిల్లలకూ సంబంధం అంతమాత్రమే, కాని ఉన్నది.

ఆయన కండ్ల ముందున్న సూరతు మొగలుల నాటి సూరతు కాదు. ఒకనాడు మక్కా యాత్రికుల ఓడలు బయలుదేరిన రేవు అది. ఆంగ్లేయులు, డచ్చివారు, ఫ్రెంచివారు కోఠీలు కట్టుకొన్న వర్తకస్థానం. 1800లో పాలన పూర్తిగా కంపెనీ చేతికి వచ్చేసరికే వర్తకం బొంబాయికి తరలిపోసాగింది. తాపీనది పూడిపోతూ వచ్చింది. 1837 ఏప్రిలులో పుట్టిన అగ్ని రోజుల తరబడి మండి వేలాది ఇండ్లను బూడిద చేసింది. అదే సంవత్సరం నదికి వరదలు కూడ వచ్చినవి. పేరుకు మిగిలిన నవాబు కూడ 1842లో కాలధర్మం చెందాడు. సంపద పోయిన నగరంలో ఆచారం మాత్రం బిగిసింది. కులపంచాయతీలు, వల్లభ సంప్రదాయపు మహారాజుల ప్రాబల్యం, భూతవైద్యుల వ్యాపారం యథాతథంగా సాగుతుండగా, మరొక వైపు లండను మిషనువారు 1815 నుండి సూరతులో తిష్ఠవేసి, గుజరాతీలోకి బైబిలును అనువదించి, తమ ముద్రాలయంలోనే అచ్చువేసి పంచుతున్నారు. గుజరాతీ అచ్చుపుస్తకాన్ని సామాన్యుని చేతికి మొదట అందించినవారిలో వారొకరు. పరమతం వారు పుస్తకంతో వచ్చినప్పుడు స్వమతం వారు ఏమి చేయాలి? ఆ కాలపు హిందూ విద్యావంతులందరినీ వెంటాడిన ప్రశ్న ఇది.

దుర్గారాముడు యౌవనారంభంలోనే బొంబాయి వెళ్లి ఉపాధ్యాయునిగా శిక్షణ పొందాడు. బొంబాయిలో దేశీయ విద్యకై ఏర్పడిన సంఘం వారు అప్పుడు మరాఠీ, గుజరాతీ భాషల్లో బడిపుస్తకాలు సిద్ధం చేయిస్తున్నారు. కాప్టెన్ జార్జి జర్విస్ పర్యవేక్షణలో గణితగ్రంథాలు దేశభాషల్లోకి దిగుతున్నవి. రణఛోడదాస్ గిరధర్‌భాయీ ఝవేరి గుజరాతీ ఉపాధ్యాయులను తయారుచేసే భారం మోశాడు. అక్కడ తరిఫీదైనవారు 1826 మొదలు గుజరాతులోని పట్టణాల్లో ప్రభుత్వ పాఠశాలలు తెరిచారు. అప్పటికి గుజరాతులో ఉన్నది 'గామఠీ నిశాళ'. మన వీథిబడికి అది తోబుట్టువే. దుమ్ము చల్లిన పలకపై వ్రాత, గొంతెత్తి వల్లించే ఎక్కాలు, బెత్తం, పండుగకు స్వయంపాకం. ఆ బడి చెడ్డదని అనవలసిన పని లేదు. గుజరాతీ వర్తకులు ప్రపంచమంతా తిరిగి లెక్కలు తప్పకుండా వ్రాసుకొన్నది ఆ ఎక్కాలతోనే. అయితే అక్కడ ప్రశ్నకు చోటు లేదు. భూమి ఎట్లా ఉన్నది, గ్రహణమెందుకు పడుతుంది అని పంతులునడిగే పిల్లవాడు వీథిబడిలో పుట్టలేదు. కొత్తబడిలో పుట్టాడు. దుర్గారాముని జీవితాన్ని మలచినది ఈ మార్పే అనవచ్చును. భూగోళం చెప్పిన నోటితోనే రాహుకేతువుల కథ చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన మొదట తనను తాను ప్రశ్నించుకొన్నాడు, తరువాత ఊరిని ప్రశ్నించాడు.

1842లో ఆయనా మిత్రులూ కలిసి పుస్తక ప్రసారక మండలిని నెలకొల్పారు. ఒక రాతి అచ్చుయంత్రాన్ని సమకూర్చుకొన్నారు. శిలాముద్రణానికి సీసపు అక్షరాలు పోతపోయవలసిన పని లేదు. చక్కని దస్తూరి గలవాడు ఒకడుంటే చాలును. పేదపంతుళ్లు నడిపే మండలికి అదే తగిన సాధనం. మిషనువారి ముద్రాలయానికెదురుగా దేశీయులు ఒక అచ్చుయంత్రాన్ని నిలబెట్టడంలోని ఆంతర్యం వేరే చెప్పనక్కరలేదు. అయితే దుర్గారాముడు క్రైస్తవ మతఖండనకు కూర్చోలేదు. మిషనరీలు వేసే ప్రశ్నల్లో న్యాయమైనవి ఉంటే వాటిని స్వీకరించి, సమాధానాన్ని తన ఇంట్లోనే వెదకాలని ఆయన నిశ్చయించుకొన్నట్లు ఆయన తరువాతి నడత వల్ల స్పష్టమవుతున్నది.

ఆ నిశ్చయఫలమే 1844 జూను 22వ తేదీన సూరతులో ఏర్పడిన మానవధర్మ సభ. దీని వెనుక నిలిచిన ఐదుగురి పేర్లూ 'ద'కారంతో మొదలు కావడాన్ని సూరతు ప్రజలు ముచ్చటగా చెప్పుకొన్నారు: దుర్గారాముడు, దాదోబా పాండురంగ, దినమణిశంకరుడు, దలపత్‌రాం మాస్టరు, దామోదరదాసు. వీరిలో దాదోబా మహారాష్ట్రుడు, సూరతు ఆంగ్ల పాఠశాలలో ఉపాధ్యాయుడు. మరాఠీ వ్యాకరణం వ్రాసి అప్పటికే పేరు పొందినవాడు. వైయాకరణుని తర్కమూ, బడిపంతులు ఆవేశమూ అక్కడ జతగూడినవి. దలపత్‌రాం అన్నది గుజరాతీ కవి దలపత్‌రాం కాదు. ఈ పొరపాటు కొందరు చేస్తుంటారు.

సభ అంగీకరించిన సూత్రాలు క్లుప్తమైనవి. దేవుడొక్కడు. మనుష్యులందరిదీ ఒకే జాతి. అందరికీ ధర్మమూ ఒక్కటే. మనిషి గొప్పతనం గుణాన్నిబట్టే గాని కులాన్నిబట్టి నిర్ణయించరాదు. కర్మను వివేకంతో చేయాలి. దైవానుగ్రహం కోసమే ఆచరించాలి. తెలిసిన సన్మార్గాన్ని పదిమందికీ చెప్పాలి. నేటి పాఠకునికి ఇవి చద్దిమాటలుగా తోచవచ్చును. కాని 1844లో, వడనగరా నాగర బ్రాహ్మణుడొకడు, కుల వెలికి సదా సిద్ధంగా ఉండే సంఘంలో నిలబడి 'జాతి' అన్న పదానికి మానవజాతి అన్న అర్థం ఒక్కటే చెప్పడం ఎంతటి పనో ఊహించుకోవాలి. బెంగాలులో రామమోహనుడు 1828లో బ్రహ్మసభను నెలకొల్పాడు, నిజమే. ఆయన వెనుక జమీందారులున్నారు, కలకత్తా ఉన్నది, ఆంగ్లం, పారశీకం, సంస్కృతం మూడింటిలోను ఆయనకు అపారమైన అధికారమున్నది. దుర్గారాముని వెనుక ఉన్నది ఒక దేశభాషా పాఠశాల. ఆయన చేసినది గుజరాతీలో ఆలోచించి గుజరాతీలోనే చెప్పడం.

ఆ సంవత్సరమే మదరాసులో గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి అనే తెలుగు వర్తకుడు 'క్రెసెంట్' పత్రికను ప్రారంభించాడు. మిషనరీల విజృంభణ, వారికి దొరతనంలోని కొందరు అధికారులిచ్చిన ఊతం ఆయనను కదిలించినవి. కారణమొకటే, మార్గాలు వేరు. లక్ష్మీనరసు ప్రభుత్వాన్ని నిలదీశాడు, అర్జీలు పంపాడు, 1852లో మదరాసు దేశీయ సంఘాన్ని లేవదీశాడు. దుర్గారాముడు తన సంఘాన్ని నిలదీశాడు. ఏది గొప్పదని పోటీ పెట్టడం పొసగదు. అయితే ఒక తేడా గమనార్హం. లక్ష్మీనరసుకు ఎదుటివాడు బయటివాడు. దుర్గారామునికి ఎదుటివాడు పొరుగింటివాడు, బంధువు, ఒక్కొక్కప్పుడు తాను.

భూతవైద్యులతోను మంత్రగాండ్రతోను ఆయన పెట్టుకొన్న పోరు సూరతులో చాలకాలం చెప్పుకొన్న వృత్తాంతం. మంత్రబలం నిజమైతే నలుగురిలో చూపమని ఆయన బహిరంగంగా సవాలు చేశాడు. చేతబడి భయంతో ఇండ్లు వాకిళ్లు అమ్ముకొనే జనం మధ్య ఇది వినోదం కాదు. మంత్రగాడు ఓడితే వాని జీవనం పోతుంది. పంతులు ఓడితే ఆయన బడి మూతపడుతుంది. భయం గలవారు ఆయనకు కీడు తప్పదనుకొన్నారు. కీడు రాలేదు. ఇక్కడ ఆయన నాస్తికుడు కాడని మరువరాదు. దేవుడొక్కడేనని గట్టిగా నమ్మినవాడు గనుకనే, ఆ దేవునికీ మనిషికీ మధ్య సుంకం వసూలు చేసే దళారులను ఆయన సహించలేకపోయాడు. భక్తి ఎంత ఘనీభవిస్తే మూఢవిశ్వాసం మీద అంత కోపం కలుగుతుందని ఆయన చరిత్ర చూచినప్పుడు తోస్తుంది. తరువాతి కాలపు హేతువాదులు ఆయనను తమవాడుగా చెప్పుకొంటారు. సగం మేరకే ఆ దావా చెల్లుతుంది.

సాహిత్య చరిత్రకు ఆయన అక్కరకు వచ్చేది దినచర్య వల్ల. 1843 నుండి 1845 జనవరి వరకు ఆయన సభావ్యవహారాలను, వాదోపవాదాలను, తన తలపోతలను వ్రాసి ఉంచుకొన్నాడు. గుజరాతీలో ఇంతకన్న ముందు ఇట్టి వ్రాత లేదనీ, ఆ భాషలో ఆత్మకథాత్మక రచనకు ఇదే ఆది అనీ పండితులు నిర్ణయించారు. గుజరాతీ వచనానికి ఆద్యుడెవరంటే నర్మదుని పేరు చెప్పడం రివాజు. మండలిగా కూడడం వల్ల కలిగే లాభాలను గురించి 1851లో ఆయన వ్రాసినది తొలి వ్యాసమంటారు. ఆ కీర్తికి భంగం లేదు. కాని నర్మదుడు కలం పట్టక కొన్నేండ్ల ముందే అదే ఊళ్లో ఒక పంతులు పద్యపు ఊత లేకుండా, పురాణపు ఫక్కి లేకుండా, ఎవరేమన్నారో, తానేమి బదులు చెప్పాడో లోకవ్యవహారపు భాషలో పెట్టాడు.

తెలుగు పాఠకునికి ఇక్కడ ఏనుగుల వీరాస్వామయ్య స్ఫురించక మానడు. ఆయన కాశీయాత్ర చేసినది 1830-31లలో. యాత్రాచరిత్ర అచ్చయినది 1838లో. చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడటానికి పదిహేనేండ్ల ముందే వీరాస్వామయ్య మదరాసు సుప్రీముకోర్టు ఉద్యోగిగా తనకలవడిన మాటల్లో తాను చూచినవన్నీ వ్రాశాడు. సూరతు మెహతాజీ, చెన్నపట్నపు ఇంటర్‌ప్రెటరు ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరూ కవులు కారు. దేశభాషల వచనం కవుల ఇండ్ల కన్న ముందు ఉద్యోగుల బల్లల మీద, పంతుళ్ల పెట్టెల్లో పుట్టిందని నిరూపించడానికి ఈ రెండు దినచర్యలు చాలును. మన సాహిత్య చరిత్రలు వచనవికాసాన్ని వ్యాకరణవేత్తల నుండి మొదలుపెట్టే అలవాటును ఇంకా పూర్తిగా విడిచిపెట్టలేదు. ఇద్దరికీ ఒక భేదం మాత్రమున్నది. వీరాస్వామయ్య ఊళ్లను చూచి వ్రాశాడు. దుర్గారాముడు ఉన్న ఊళ్లోనే ఉండి మనుషుల మనస్సులను వ్రాశాడు. యాత్రికుడు ఒక ఊరిలో నచ్చనిది కంటబడితే మరునాడు మరో మజిలీకి పోతాడు. పంతులుకు ఆ సౌకర్యం లేదు. తాను ఎవరి విశ్వాసాన్ని నిన్న ఖండించాడో వాని కొడుకు నేడు తన బడిలో కూర్చొని ఉంటాడు.

సభ ఏర్పడిన రెండు నెలలకు సూరతులో ఉప్పు అల్లరి జరిగింది. ప్రభుత్వం మణుగు ఉప్పుపై పన్నును అర్ధరూపాయి నుండి రూపాయికి పెంచగా 1844 ఆగస్టు చివర జనం వీథుల్లోకి వచ్చారు, దుకాణాలు మూశారు. ప్రభుత్వం వెనుకంజ వేసి పెంపును తగ్గించింది. నాలుగేండ్ల తరువాత బెంగాలు తూనికలను ప్రవేశపెట్టబోయినప్పుడు కూడ నగరం ఎదిరించి గెలిచింది. ఉప్పుధరపై ఊరంతటినీ కదిలించగలిగినవి ఆ కులకట్టుబాట్లే, ఆ మహాజనుల మాటే. అంటే మానవధర్మ సభ వదలించాలని చూచిన కట్టే ప్రజల చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం. సంస్కర్తలకు జనం దూరమైన కారణాల్లో ఇదొకటి. సంస్కర్త చరిత్రలు వ్రాసేవారు జనాన్ని అజ్ఞానులని త్రోసిపుచ్చినంత సులభంగా ఈ చిక్కును త్రోసిపుచ్చజాలరు. దుర్గారాముడు ప్రభుత్వపు జీతం తినే ఉపాధ్యాయుడన్న మాట కూడ ఇక్కడ జ్ఞాపకముంచుకోవాలి.

వితంతు వివాహమన్నది ఆయన బోధల్లో ముఖ్యమైనది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతిని పట్టుకొని 1855లో వాదానికి దిగటానికి పదేండ్లకు పైగా ముందే, పశ్చిమతీరాన ఒక పంతులు ఈ మాట ఎత్తాడు. ఆయనకు ప్రమాణం స్మృతివాక్యం కాదు, వివేకం. భార్య పోయిన పురుషునికి లేని శిక్ష భర్త పోయిన స్త్రీకెందుకన్నది వాదం. ఈ వాదానికి బలమెంతో బలహీనతా అంతే. విద్యాసాగరుడు, వీరేశలింగంగారు శాస్త్రం చేత పండితులను కట్టివేశారు. వివేకాన్ని ప్రమాణంగా తీసుకొన్నవానికి పండితుడు జవాబు చెప్పవలసిన అగత్యమే లేదు, నవ్వి ఊరకుంటాడు.

దుర్గారామునికి భార్యావియోగం కలిగింది. ఊరంతా చూచింది. చెప్పినదాన్ని చేసి చూపడానికి అంతకన్న నిర్వివాదమైన అవకాశం మరొకటి రాదు. ఆయన వితంతువును గాక కన్యనే వివాహమాడాడు. గుజరాతీ సాహిత్య చరిత్రకారులు ఈ సంగతిని దాచలేదు, దాచవలసినదీ కాదు. ఆనాటికి వితంతు వివాహాన్ని గుర్తించే చట్టం లేదు; ఆ చట్టం 1856లో వచ్చింది. అట్టి వివాహంలో పుట్టిన బిడ్డలకు ఆస్తిహక్కు నిలువదు. కులం వెలివేస్తే బడికి పిల్లలు రారు. నీళ్లు, నిప్పు, పురోహితుడు, శవవాహకులు అన్నీ కులం చేతిలోనివే. ఇవన్నీ చెప్పుకొన్న తరువాత కూడ, ఒక మాట మిగులుతుంది. ఆయన చెప్పినది నమ్మి ధైర్యం తెచ్చుకొన్న బాలవితంతువు ఆ ఊళ్లో ఒక్కతె ఉండినా, ఆ పెండ్లి మేళం ఆమె చెవికెట్లా వినిపించి ఉంటుంది? చరిత్ర ఆమెను అడుగలేదు. ఆయన దినచర్య 1845 జనవరితో ఆగిపోయినందున ఆయన మనస్సు చెప్పిన సమాధానం కూడ మనకందలేదు.

తెలుగుదేశంలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ఈ సందర్భాన తలపునకు వస్తారు. ఆయన కూడ ఉపాధ్యాయుడే, ఏకేశ్వరోపాసకుడే. 1889లో భార్య గతించినప్పుడు ఆయన వయస్సు ముప్పదిలోపే. మరల వివాహమాడలేదు. తెల్లని వస్త్రాలు ధరించి, కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాలకు అధ్యక్షుడై, ఒక తరం తెలుగు రచయితలను ప్రభావితం చేశాడు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, చలం ఆ వెలుగులో కొంతకాలం నడిచినవారే. చేసిన బోధకూ బ్రతికిన బ్రతుకుకూ మధ్య వెంట్రుకవాసి సందు లేకుండా చూచుకొన్నాడు నాయుడుగారు. ఆ నైష్ఠికత ముందు దుర్గారాముడు చిన్నబోతాడు, సందేహం లేదు. అయితే నాయుడుగారి వెనుక అప్పటికి బ్రహ్మసమాజపు అరువదేండ్ల సంప్రదాయం ఉన్నది; 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు జరిపించిన తొలి వితంతు వివాహం ఉన్నది. దుర్గారాముని వెనుక ఎవరూ లేరు. ఒంటరివాని స్ఖలనాన్ని మన్నించమని కాదు, తూచేటప్పుడు రాయి సరిచూచుకోవాలని మాత్రమే.

తరువాత ఏమి జరిగినదో చూడాలి. దుర్గారాముని బడిలో చదువుకొన్న బాలుల్లో నర్మదాశంకరుడొకడు. 1833లో సూరతులో పుట్టి, గుజరాతీ ఆధునిక కవిత్వానికి తండ్రి అనిపించుకొన్న నర్మదుడే ఆయన. 1860లో బొంబాయిలో వైష్ణవ మహారాజు యదునాథజీతో వితంతు వివాహం విషయమై బహిరంగ వాదానికి దిగాడు. మరి రెండేండ్లకు కర్సన్‌దాస్ మూల్జీపై నడిచిన సుప్రసిద్ధమైన మహారాజుల పరువునష్టపు దావాకు ఈ సంఘర్షణే పూర్వరంగం. 1864లో 'దాండియో' పత్రికను పెట్టాడు. 1870 ప్రాంతాన స్వకులంలోని వితంతువును నర్మదాగౌరిని వివాహమాడి గురువు తప్పుకొన్న చోట శిష్యుడు నిలబడ్డాడు. కథను ఇక్కడ ఆపితే చక్కగా ఉంటుంది, కాని నిజం ఇంకా కొంత ఉన్నది. అప్పటికి ఆయన భార్య డాహీగౌరి జీవించే ఉన్నది. ఒక స్త్రీకి జరిగిన న్యాయానికి మరొక స్త్రీ మూల్యమిచ్చింది. అంతేకాదు, చివరి దశలో నర్మదుడు తాను నమ్మిన సంస్కరణను తానే నిరసించి 1885లో 'ధర్మవిచార్' వెలువరించాడు. గురువు మాట నిలిపి చేత విడిచాడు; శిష్యుడు చేత నిలిపి మాట విడిచాడు. మనుషులు ఇట్లాగే ఉంటారు.

రెండవవాడు మహీపతరాం రూపరాం నీలకంఠుడు. 1829లో సూరతులో నాగర కుటుంబంలోనే పుట్టి, మెహతాజీ ప్రభావంలో ఎదిగి, తానూ విద్యాశాఖలోనే ప్రవేశించాడు. 1860లో సముద్రం దాటి ఇంగ్లండు వెళ్లినందుకు కులం ఆయనను వెలివేసింది. ఆ ప్రయాణాన్ని 1864లో గ్రంథంగా ప్రకటించాడు. దుర్గారాముడు దేనికి జంకి వెనుకాడాడో ఆ వెలిని ఈయన అనుభవించాడు.

మూడవ దారి దాదోబాది. సూరతు విడిచి బొంబాయి చేరి 1849లో పరమహంస మండలిని నెలకొల్పాడు. కులభేదం పాటించమని అందులో ప్రమాణం చేసేవారు. అయితే ఆ మండలి రహస్యంగా నడిచింది, రహస్యం బయటపడగానే విచ్ఛిన్నమైపోయింది. 1867లో ఆయన తమ్ముడు ఆత్మారాం పాండురంగ బొంబాయిలో ప్రార్థనా సమాజాన్ని స్థాపించాడు. ఆ పేరుతోనే 1878లో వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో సమాజాన్ని ప్రారంభించారు. సూరతులోని ఒక బడిపంతులు సభ నుండి గోదావరి గట్టుకు తిన్నని దారి ఉన్నదని చెప్పడం అతిశయోక్తి. కలకత్తా నుండి మదరాసు మీదుగా మనకు వచ్చిన ప్రభావమే ఎక్కువ. కాని దాదోబా సూరతులో చవిచూచినది ఆయన ఇంట్లో పెరిగిన తమ్మునికి తెలియకపోలేదు. పేర్లు ఒక నేల నుండి మరొక నేలకు పోయేటప్పుడు వెంట ఏమేమి తీసుకొనిపోతాయో నిర్ణయించడం దుష్కరం.

1852లో దుర్గారాముణ్ణి ప్రభుత్వం పాఠశాలల ఉపతనిఖీదారుగా రాజకోటకు పంపింది. తరువాతి తరంలో మోహనదాసు గాంధీ చదువుకొన్న ఊరది. అప్పుడు కాఠియావాడు సంస్థానాల నడుమ కొత్త బడులు వేళ్లూనే దశ. అక్కడ ఆయన చేసినది బడులు చూడడం, పంతుళ్లను నిలబెట్టడం. ఆర్భాటం లేని పని కావడం వల్ల చరిత్రకారులు దానిని రెండు వాక్యాల్లో ముగిస్తారు. సూరతులో మానవధర్మ సభ ఆయన వెళ్లడంతోనే అంతరించింది. దాదోబా అప్పటికే లేడు. సభకు భవనం లేదు, నిధి లేదు, దీక్ష పొందిన అనుయాయులు లేరు. పంతులు బదిలీ అయితే సభ మూతపడేటంతగా అది ఒకరిద్దరి ప్రాణంపై ఆధారపడింది.

ఆయన 1876లో మరణించాడు. 1879లో మహీపతరాం 'మెహతాజీ దుర్గారాం మంఛారాం చరిత్ర' ప్రకటించాడు. అంతకు రెండేండ్ల ముందే కర్సన్‌దాస్ మూల్జీ చరిత్ర వ్రాసినవాడు కనుక సంస్కర్తల జీవితాలను గ్రంథస్థం చేయడం ఆయనకు అలవాటైన పని. అయితే ఈ పుస్తకంలో ఆయన తన మాటలు మాత్రమే చెప్పి ఊరుకోలేదు. మెహతాజీ స్వయంగా వ్రాసుకొన్న దినచర్యను అందులో పొందుపరిచాడు. నేడు మానవధర్మ సభలో ఎవరేమి వాదించారో, ఆదిలో ఆ పంతులు మనస్సు ఎట్లా పనిచేసిందో తెలుసుకోదలచినవారికి ఆ పుటలే ఆధారం. పెండ్లికి వెనుకాడినవాని చరిత్రను వెలికి వెనుకాడనివాడు వ్రాశాడు. వ్రాస్తూ గురువు గొంతునే ముందు పెట్టాడు.